ఆర్హుస్‌లో ఉద్యోగమా, హాంబుర్గ్‌లోనా? డేనిష్, జర్మన్‌లలో మనవాళ్లకు ఏది త్వరగా పట్టుబడుతుంది?

ప్రశ్న: అనకాపల్లి మెకానికల్

నమస్కారం అండీ. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. చెన్నైలో గాలిమరల రెక్కలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. రెండు చోట్ల ఇంటర్వ్యూలు ఆఖరి రౌండు దాటాయి. ఒకటి డెన్మార్క్‌లో ఆర్హుస్ దగ్గర, రెండోది జర్మనీలో హాంబుర్గ్‌లో. జీతం, ఇంటి అద్దె, పన్ను అన్నీ లెక్కేసి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. రెండు చోట్లా ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుందన్నారు.

అసలు సంగతి మా ఆవిడ గురించి. తను బీఎస్సీ నర్సింగ్ చేసి విశాఖలో ఐసీయూలో డ్యూటీ చేస్తోంది. అక్కడికి వచ్చి ఇంట్లో ఖాళీగా కూర్చోనని ముందే చెప్పేసింది. అది న్యాయమే. పేషెంటుతో మాట్లాడాలంటే అక్కడి భాష రావాలి కదా. అందుకే ఏ దేశం వెళ్లాలన్నది సగం ఈ భాష మీదే తేలుతుంది.

నేను చదివినంతలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ డేనిష్‌ను తేలిక భాషల వర్గంలో పెట్టింది, జర్మన్‌ను ఆ తర్వాతి వర్గంలో పెట్టింది. దాన్ని చూసి డేనిష్ సులువని కొందరంటారు. డేనిష్ వింటే ఒక్క ముక్క అర్థం కాదని ఇంకొందరు భయపెడతారు. జర్మన్‌లో ప్రతి వస్తువుకీ లింగం బట్టీ పట్టాలని విని మా ఆవిడకు ఇప్పటికే టెన్షన్ పట్టుకుంది. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు, వీలైతే రెండూ తెలిసినవాళ్లు, మీకు ఎలా అనిపించిందో చెప్పండి. బయల్దేరడానికి మాకు ఆరు నెలల దాకా టైముంది.

జవాబు: ఆర్హుస్ నుంచి

బ్రదర్, నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మీ ఒక్కరి గురించే అయితే డేనిష్ లేకుండా ఏళ్లు గడిచిపోతాయి. దుకాణంలో, బస్సులో, బ్యాంకులో, డాక్టరు దగ్గర అందరూ ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారు. నేర్చుకోవడానికి అదే అడ్డం కూడా. మనం డేనిష్‌లో మొదలుపెట్టి ఒక మాట దగ్గర తడబడితే చాలు, ఎదుటివాళ్లు మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు. 'దయచేసి డేనిష్‌లోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను' అని అడగాలి. అడిగితే సంతోషంగా ఓపిక పడతారు.

కోర్సుకు ఇబ్బంది లేదు. ఉద్యోగం మీద వచ్చినవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు 2000 క్రోనర్లు డిపాజిట్ కట్టి భాషా పాఠశాలలో చేరొచ్చు. మాడ్యూల్ పరీక్ష పాసైతే ఆ డబ్బు తర్వాతి మాడ్యూల్‌కు పనికొస్తుంది, లేదా తిరిగి ఇస్తారు. డిగ్రీ చదివినవాళ్లను మూడో రకం కోర్సులో వేస్తారు, అది వేగంగా నడుస్తుంది. దాని చివర ఉండే పరీక్ష పేరు 'ప్రొవె ఇ డాన్స్క్ 3', ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుండే ఐరోపా భాషా లెక్కలో బీ2 స్థాయి, అంటే నాలుగో మెట్టు. మీ భార్య నర్సుగా చేయాలంటే లక్ష్యం అదే.

శాశ్వత నివాసానికి మామూలుగా ఎనిమిదేళ్లు పడుతుంది, అదనపు షరతులు నాలుగూ నెరవేరిస్తే నాలుగేళ్లు. కనీసం రెండో స్థాయి పరీక్ష తప్పనిసరి. మూడో స్థాయి పాసైతే అది ఆ అదనపు షరతుల్లో ఒకటిగా లెక్కకు వస్తుంది.

జవాబు: సరిహద్దు ఊరి అక్క

తమ్ముడూ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని నాకు చాలా ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, మీ ఆవిడకు కూడా చూపించండి.

మాది తెనాలి. ఇప్పుడు ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉంటున్నాం. జర్మనీకి ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. నా ఉద్యోగం సరిహద్దు దాటగానే వచ్చే పాడ్‌బోర్గ్‌లో, లారీలు బుక్ చేసే ఆఫీసులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనులో ఒక చెవికి జర్మన్, ఒక చెవికి డేనిష్. ముందు జర్మన్ నేర్చుకున్నాను, తర్వాత ఉద్యోగం కోసం డేనిష్. కాబట్టి రెండిటి రుచీ తెలుసు.

ముందు ఆ అమెరికా జాబితా సంగతి. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం వేసిన లెక్క. డేనిష్ వాక్యం ఇంగ్లీషు వాక్యానికి దగ్గరగా ఉంటుంది, అందుకే వాళ్లకు సులువు. మన నాలుక తెలుగుది, మన వ్యాకరణం తెలుగుది. మన వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. ఈ మాట ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. మన పిల్లలు ఇంగ్లీషు దారిలోంచి జర్మన్‌కు వెళ్లి 'అబ్బో, విభక్తులట' అని బెదిరిపోతున్నారు. విభక్తులు చిన్నప్పుడే చదువుకున్నాం కదా మనం! ను, చేత, కొరకు, కు, లో అంటూ రోజూ వాడుతున్నాం.

జర్మన్‌లో విభక్తులు నాలుగు. చాలావరకు మనలాగా నామవాచకం చివర ప్రత్యయం చేరదు, ముందుండే చిన్న మాట మారుతుంది. 'దెర్ హుండ్' అంటే కుక్క, 'దెన్ హుండ్' అంటే కుక్కను, 'దెమ్ హుండ్' అంటే కుక్కకు. 'ఆ మనిషి కుక్కను చూశాడు', 'కుక్కను ఆ మనిషి చూశాడు' అని మనం ఎటు తిప్పినా అర్థం చెడదు, ఆ 'ను' కాపాడుతుంది. జర్మన్‌లోనూ అంతే. డేనిష్‌లో అలా కుదరదు. ఎవరు ముందొస్తే వాళ్లే చూసినవాళ్లు అనుకునే అవకాశం ఎక్కువ.

ఇంకా లోపలికి వెళ్తే నాకే ఆశ్చర్యం వేసింది. జర్మన్‌లో చలేస్తే 'మియర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. 'నాకు చలిగా ఉంది' అన్నదే, ఆ 'కు'తో సహా. 'దాస్ గెఫెల్ట్ మియర్' అంటే 'అది నాకు నచ్చింది'. ఇంగ్లీషువాళ్లు దీన్ని తలకిందులు చేసి నేర్చుకోవాలి. మనం నోటికి వచ్చినట్టు అనేయొచ్చు. డేనిష్‌లో ఇవి రెండూ ఇంగ్లీషు తీరులోనే 'నేను' అనే కర్తతో మొదలవుతాయి.

క్రియ వాక్యం చివరికి వెళ్తుందని జర్మన్ క్లాసులో అందరూ మొత్తుకుంటారు. 'వైల్ ఇష్ హొయ్‌టె నిష్ట్ కొమ్మెన్ కాన్' అన్నది వరుసగా విడదీస్తే: ఎందుకంటే, నేను, ఇవాళ, కాదు, రావడం, -గలను. 'ఎందుకంటే నేను ఇవాళ రాలేను.' క్రియ చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అయితే ఇది ఉపవాక్యాల్లోనే. ప్రధాన వాక్యంలో మాత్రం జర్మన్‌లోనూ, డేనిష్‌లోనూ క్రియ రెండో స్థానంలో ఉండాలి. 'ఇవాళ' అని మొదలుపెడితే తర్వాత క్రియ, ఆ తర్వాత 'నేను'. ఈ సూత్రం రెండు భాషలకూ ఒకటే కాబట్టి ఒకసారి కష్టపడితే రెండు చోట్లా పనికొస్తుంది.

ఇక క్రియారూపాలు. నేను వస్తాను, నువ్వు వస్తావు, అతను వస్తాడు అని మనం మార్చినట్టే జర్మన్‌లో 'ఇష్ కొమ్మె, దు కొమ్‌స్ట్, ఎర్ కొమ్ట్'. డేనిష్‌లో ఎవరు వచ్చినా ఒకటే రూపం, 'కొమ్మర్'. నేనైనా, నువ్వైనా, వాళ్లైనా. ఇక్కడ డేనిష్ నిజంగానే చాలా తేలిక, ఒప్పుకోవాల్సిందే. నామవాచకాలకూ రెండే లింగాలు, అందులోనూ దాదాపు నాలుగింట మూడొంతులు ఒకే లింగంలోకి వస్తాయి. 'ఆ ఫలానా' అని చెప్పడానికి వేరే మాట అక్కర్లేదు, మాట చివర తగిలిస్తారు. 'బీల్' అంటే కారు, 'బీలెన్' అంటే ఆ కారు.

జర్మన్‌లో నిజంగా కష్టమైనది లింగమే. అందులో దాపరికం ఏమీ లేదు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకం. తర్కం వెతకొద్దు, దొరకదు. 'మేడ్‌షెన్' అంటే అమ్మాయి, అది నపుంసకలింగం. ఇంగ్లీషువాళ్లు దీన్ని వింతగా చెప్పుకుంటారు. మనమూ 'అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడుతున్నాం కదా. కాబట్టి మీ ఆవిడకు నా సలహా ఒకటే: ఏ మాటా ఒంటరిగా నేర్చుకోవద్దు. చెంచా అని కాదు, 'దెర్ లఫెల్' అని ఒకే మాటగా నోటికి ఎక్కించుకోవాలి. అది మానేసి తర్వాత సరిచేసుకుందాం అనుకున్నవాళ్లు బీ1 దగ్గర ఆగిపోవడం నా కళ్లతో చూశాను. విశేషణాల చివరలు కూడా లింగాన్ని బట్టే మారతాయి కాబట్టి పునాది అక్కడే పడాలి.

ఇంతవరకూ కాగితం మీది మాట. ఇప్పుడు చెవి సంగతి చెబుతాను. అసలైన తేడా ఇక్కడే ఉంది.

తెలుగు ఎలా రాస్తే అలా చదువుతాం. జర్మన్ కూడా దాదాపు అంతే. కొన్ని నియమాలు తెలుసుకుంటే తెలియని మాటనైనా బోర్డు మీద చూసి పైకి చదివేయొచ్చు, విన్న మాటను రాసుకుని డిక్షనరీలో వెతకొచ్చు. నోరు గుండ్రంగా పెట్టి పలికే రెండు అచ్చులు, గొంతులోంచి వచ్చే 'ఖ' లాంటి ధ్వని, ఇవి కొత్త. అవి కొన్నాళ్లకు వచ్చేస్తాయి.

డేనిష్‌లో రాతకూ మాటకూ మధ్య చాలా దూరం. 'చాలా' అనే అర్థమిచ్చే మాటను 'మెగెట్' అని రాస్తారు, పలికితే మధ్యలో 'గ' మాయమై 'మాయిల్' లాగా వినిపిస్తుంది. 'తప్పకుండా' అనడానికి రాసే 'సెల్వ్‌ఫల్గెలిగ్' నోట్లో 'సెఫోలి' అయిపోతుంది. వాళ్ల మెత్తని 'డ' నాలుక కొసను కింది పళ్ల వెనక ఉంచి పలుకుతారు. మన చెవికి అది 'ల' లాగా వినిపిస్తుంది. 'మాడ్' అంటే భోజనం, వినడానికి 'మల్'. రాతలో అచ్చు అక్షరాలు తొమ్మిదే, నోట్లో అచ్చు ధ్వనులు అంతకు రెండింతల పైచిలుకు. దానికి తోడు 'స్టల్' అని ఒకటుంది, గొంతులో చిన్న నొక్కు. 'హున్' అంటే ఆమె, అదే మాట గొంతు నొక్కి పలికితే కుక్క. కుక్క అనే మాట చివర రాతలో 'డ' ఉంటుంది, పలకరు. తేడా అంతా ఆ నొక్కులోనే.

డేనిష్ పిల్లలు కూడా మొదట్లో మాటలు పట్టుకోవడంలో ఇతర దేశాల పిల్లలకన్నా కొంచెం వెనకబడి ఉంటారని అక్కడి భాషాశాస్త్రవేత్తలు చూపించారు. మింగేసే ధ్వనులే అందుకు కారణమని వాళ్ల వివరణ. తర్వాత అందుకుంటారు. పుట్టి పెరిగిన పిల్లలకే అలా ఉంటే మనకు మొదటి ఏడాది చెవి తెరుచుకోకపోతే నిరాశ పడాల్సిన పని లేదు. తెలుగులో చాలా మాటలు అచ్చుతో నిండుగా ముగుస్తాయి. మన చెవి మాట చివర కోసం ఎదురుచూస్తుంది, వాళ్లు ఆ చివరనే మింగుతారు. మనకు డేనిష్ ఎందుకు కష్టమో ఈ ఒక్క విషయంలో ఉంది. పేపరు చదవడం నాకు త్వరగానే వచ్చింది, ఫోనులో డ్రైవరు చెప్పింది అర్థం కావడానికి అంతకన్నా ఎంతో ఎక్కువ కాలం పట్టింది.

అంకెల గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే నర్సుకు మందు మోతాదు, గది నంబరు, బీపీ అన్నీ అంకెలే. రెండు భాషల్లోనూ ఒకట్లు ముందు, పదులు తర్వాత. 25 అంటే 'ఐదూ ఇరవై'. జర్మన్ అక్కడితో ఆగుతుంది. డేనిష్ 50 నుంచి ఇరవైల లెక్కలోకి వెళ్తుంది. 60ని 'ట్రెస్' అంటారు, మూడు ఇరవైలు. 80 'ఫీర్స్', నాలుగు ఇరవైలు. 50ని 'హాల్‌ట్రెస్' అంటారు, అంటే మూడోది సగమే ఉన్న ఇరవైలు, రెండున్నర ఇరవైలు. 70 మూడున్నర ఇరవైలు, 90 నాలుగున్నర ఇరవైలు. 93 చెప్పాలంటే 'మూడూ నాలుగున్నర ఇరవైలు' అన్న మాట. లోపలి లెక్క తెలిస్తే బాగుంటుంది గానీ ఫోనులో లెక్క కట్టుకునే టైముండదు, 50 నుంచి 90 దాకా ఐదు మాటలూ పేర్లలాగా గుర్తుపెట్టుకోవాలి. పైగా ఎనిమిది అంకెల ఫోను నంబరును వాళ్లు రెండేసి అంకెలుగా చదువుతారు. 50, 60 మధ్య తేడా మొదట్లోని 'హాల్' మాత్రమే. అనుమానం వస్తే 'ఐదు, సున్నా' అని విడిగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

టైము కూడా చూసుకోండి. జర్మన్‌లో 'హాల్బ్ త్స్వై', డేనిష్‌లో 'హల్ టో', రెండిటికీ మాటకు మాట 'సగం రెండు'. మనం దాన్ని రెండున్నర అనుకుంటాం. కాదు, ఒకటిన్నర. డ్యూటీ టైము విన్నప్పుడు ఇది మనసులో ఉండాలి.

మర్యాదల దగ్గర జర్మన్ మనకు ఇంటిదారిలా అనిపిస్తుంది. 'జీ' అంటే మీరు, 'దు' అంటే నువ్వు. పెద్దవాళ్లను, పేషెంట్లను, ఆఫీసరును 'జీ' అనాలి, చనువు వచ్చాక 'దు'. డెన్మార్క్‌లో 'మీరు' అనే మాట వాడుక దాదాపు పోయింది. డాక్టరును, మేనేజరును, ఎనభై ఏళ్ల పేషెంటును కూడా 'దు' అని, పేరు పెట్టి పిలవాలి. మన పెంపకానికి నోరు రాదు. అయినా అక్కడ అది గౌరవలోపం కాదు, అలా పిలవకపోతేనే దూరం పెట్టినట్టు ఉంటుంది.

మొత్తంగా నా అభిప్రాయం: జర్మన్ కష్టం మొదట్లోనే కనబడుతుంది, ఒక్కసారి ఎక్కితే తర్వాత దారి సాఫీ. డేనిష్ మొదటి నెలల్లో ఉత్సాహంగా సాగి, మనుషుల మధ్యకు వెళ్లాక ఆగిపోయినట్టు అనిపిస్తుంది, ఆ దశ దాటడానికి ఎక్కువ వినాలి. ఇంట్లోంచి బయల్దేరకముందే నేర్చుకోవాలంటే జర్మన్‌కు మంచి అవకాశం ఉంది. హైదరాబాద్‌లో గోథె త్సెంట్రుమ్, చెన్నైలో గోథె ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. మీరు చెన్నైలోనే ఉన్నారు కాబట్టి పరీక్ష కూడా అక్కడే రాయొచ్చు. డేనిష్‌ను మనవాళ్లు చాలావరకు అక్కడ దిగాకే మొదలుపెడతారు. ఆరు నెలలు చేతిలో ఉన్న నర్సుకు ఇది చిన్న తేడా కాదు. నేనైతే హాంబుర్గ్ అంటాను.

జవాబు: ఖమ్మం నుంచి కాసెల్‌కు

అక్క చెప్పిన దాంట్లో నర్సు కోణం నుంచి రెండు మాటలు కలుపుతాను, నేను ఇక్కడ జర్మనీలో ఆసుపత్రిలో నర్సును. మన బీఎస్సీ నర్సింగ్‌ను ఇక్కడి చదువుతో పోల్చి చూస్తారు. తక్కువైన వాటికి పరీక్ష రాయాలి, లేదా ఆసుపత్రిలోనే కొన్ని నెలల శిక్షణ పూర్తి చేయాలి. భాష మామూలుగా బీ2 అడుగుతారు. గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగా పని చేయనిస్తారు, అప్పుడే అసలైన జర్మన్ వస్తుంది. మన తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ కూడా నర్సులకు ముందే జర్మన్ నేర్పించి పంపుతోంది, దాన్ని బట్టి ఇక్కడ ఎంత అవసరం ఉందో చూడండి.

పుస్తకంలో లేనిది ఒకటి చెప్తాను. షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు పేషెంట్ల సంగతి అప్పజెప్పుకోవడాన్ని 'ఊబర్‌గాబె' అంటారు. అది సగం పొడి అక్షరాలతో, చాలా వేగంగా నడుస్తుంది. బీ2 సర్టిఫికెట్ ఉన్నా మొదటి వారాల్లో చెమటలు పడతాయి. పెద్దవయసు పేషెంట్లు వాళ్ల ఊరి యాసలో మాట్లాడతారు. దక్షిణాన బవేరియా వైపు అది మరీ ఎక్కువ. హాంబుర్గ్ వైపు జర్మన్ చాలా స్పష్టంగా ఉంటుందని మా వార్డులో అందరూ అంటారు.

తిరిగి: అనకాపల్లి మెకానికల్

అక్కా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా ఆవిడ మీ జవాబు రెండుసార్లు చదివింది. 'నాకు చలిగా ఉంది' దగ్గర తన ముఖంలో ధైర్యం కనిపించింది. హాంబుర్గ్ వైపే మొగ్గుతున్నాం. ఇంకో సందేహం. నా రంగంలో డెన్మార్క్ పెద్ద దేశం, కొన్నేళ్ల తర్వాత అటు మారాల్సి రావచ్చు. అప్పుడు ఈ జర్మన్ కష్టమంతా వృథా అవుతుందా? ఈ ఆరు నెలల్లో తను ఏం చేస్తే మంచిది?

జవాబు: సరిహద్దు ఊరి అక్క

వృథా కాదు తమ్ముడూ, సగం డేనిష్ మీ చేతికి వచ్చినట్టే. కారణం చరిత్రలో ఉంది. మధ్యయుగాల్లో హాన్సా అనే ఉత్తర జర్మనీ నగరాల కూటమి వర్తకులు బాల్టిక్ తీరమంతా వ్యాపారం చేశారు. వాళ్ల భాష ఉత్తర జర్మనీ వాడుక జర్మన్. ఆ మాటలు వేలకొద్దీ డేనిష్‌లో కలిసిపోయాయి. పని చేయడం, డబ్బు చెల్లించడం, మొదలుపెట్టడం, అర్థం చేసుకోవడం లాంటి రోజువారీ మాటలు రెండు భాషల్లో చూస్తే అక్కచెల్లెళ్లని తెలిసిపోతుంది. మేముండే ఈ ష్లెస్విగ్ ప్రాంతం 1864 యుద్ధంలో డెన్మార్క్ చేయి జారింది. 1920లో జనం ఓటు వేసి సరిహద్దు తేల్చుకున్నారు, ఉత్తర భాగం డెన్మార్క్‌కు, ఫ్లెన్స్‌బుర్గ్‌తో దక్షిణ భాగం జర్మనీకి. ఇప్పటికీ ఇటువైపు దాదాపు 50,000 మంది డేనిష్ మైనారిటీ ఉన్నారు. వాళ్లకు సొంత బడులు, 1869లో మొదలైన సొంత దినపత్రిక, మా ఊళ్లోనే పెద్ద డేనిష్ గ్రంథాలయం ఉన్నాయి. నేను పిల్లల బొమ్మల పుస్తకాలు అక్కడే తెచ్చుకుని డేనిష్ చదవడం మొదలుపెట్టాను. అటువైపు జర్మన్ మైనారిటీ ఉంది. పలకరింపు రెండు వైపులా ఒకటే, 'మొయిన్', పొద్దున్నా సాయంత్రమూ కూడా.

జర్మన్ వచ్చాక డేనిష్ మాటలు ఊహించడానికి ఒక కిటుకుంది. జర్మన్‌లో మాట మొదట 'త్స' ఉంటే డేనిష్‌లో 'ట'. పది 'త్సేన్' అయితే అక్కడ 'టీ', రెండు 'త్స్వై' అయితే 'టో', నాలుక 'త్సుంగె' అయితే 'టుంగె'. జర్మన్ 'ఫ' చాలాసార్లు రాతలో 'బ' అవుతుంది. ఓడ 'షిఫ్', అక్కడ 'స్కిబ్'. యాపిల్ 'అప్ఫెల్', అక్కడ 'ఎబ్లె'. పాలు 'మిల్ష్', అక్కడ 'మెల్క్'. ఇలాంటివి వరుసగా రాసుకుంటే డేనిష్ పేపరు చదవడం కొద్ది వారాల్లో మొదలవుతుంది. చెవి పని మాత్రం కొత్తగా చేయాల్సిందే, జర్మన్ అక్కడ ఆదుకోదు.

మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి, నర్సు తప్పక తెలుసుకోవాలి. జర్మన్‌లో 'అల్' అంటే నూనె, అదే ధ్వని డేనిష్‌లో బీరు. జర్మన్ 'ఫ్రూష్‌ట్యుక్' పొద్దుటి టిఫిను, దాని చుట్టం డేనిష్ 'ఫ్రోకోస్ట్' మధ్యాహ్న భోజనం. భోజనం ముందు మాత్ర, తర్వాత మాత్ర అని చెప్పే చోట ఈ తేడా చాలా ముఖ్యం. 'గిఫ్ట్' రెండు భాషల్లోనూ విషమే, డేనిష్‌లో మాత్రం 'పెళ్లయింది' అనే అర్థం కూడా ఉంది.

ఆరు నెలల సంగతి. ఐసీయూ డ్యూటీ చేస్తూ బీ2 దాకా అని ఆశపడొద్దు. ఏ2 గట్టిగా, వీలైతే బీ1 సగం దాకా చాలు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్లది బీ1 దాకా ఉచిత వీడియో కోర్సు ఉంది, నెమ్మదిగా చదివే వార్తలు కూడా దాదాపు రోజూ పెడతారు, వాటిని చూసి కాదు, ముందు విని, తర్వాత రాత చూసుకోవాలి. జర్మనీలో సినిమాలు, సీరియళ్లు జర్మన్‌లోకి డబ్బింగ్ చేస్తారు, అందుకే తెలిసిన ఇంగ్లీషు సీరియల్‌ను జర్మన్‌లో చూడటం బాగా పనికొస్తుంది. డెన్మార్క్‌లో డబ్బింగ్ పిల్లలవాటికే, మిగిలినవాటికి కింద అక్షరాలు వేస్తారు. వాళ్లందరికీ ఇంగ్లీషు అంత బాగా రావడానికి అదీ ఒక కారణం.

మీరు కూడా నేర్చుకోండి, ఆవిడకే వదిలేయొద్దు. మీకు బ్లూ కార్డు, అంటే డిగ్రీ చదివి మంచి జీతం మీద వచ్చే విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అనుమతి, వస్తే ఆవిడ వీసాకు జర్మన్ సర్టిఫికెట్ అడగరు. కానీ మీ శాశ్వత నివాసం ఏ1తో 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకు వస్తుంది. వీసా ఆఫీసులో ఇంగ్లీషు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఆ ఆఫీసుకు వెళ్లిన రోజున మీ జర్మన్ అవసరమే పడుతుంది.

ఇంకొకటి, సంతకం పెట్టేముందే చేయాల్సింది. కోర్సు ఫీజు మీకూ, మీ ఆవిడకూ కంపెనీ భరిస్తుందా అని హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. భార్య కోర్సు ఖర్చు కూడా భరించిన కంపెనీలను ఇక్కడ చూశాను. ఆవిడ సిలబస్, మార్కుల మెమోలు, ఐసీయూ అనుభవ ధ్రువపత్రం అన్నీ ఇప్పుడే తీసి పెట్టుకోమనండి. గుర్తింపు దరఖాస్తుకు వాటి జర్మన్ అనువాదాలు కావాలి, అనువాదానికి టైము పడుతుంది. ఏ1 పుస్తకం మొదలుపెట్టాక ఏ పాఠం దగ్గర ఆగిపోయినా ఇక్కడే రాయమనండి, నేను చూస్తూ ఉంటాను.